దొర ఆగినట్టు

పన్నెండని చెప్పిన గదా డాక్టరమ్మా. చీటీ రాసేకాడ చెప్పిన, లోపల సూదేసిన నర్సమ్మకు చెప్పిన, ఇప్పుడు మీరొచ్చి మళ్ళా గదే అడుగుతున్నరు. నొప్పి ఎన్ని గంటలకు లేచింది, ఎన్ని గంటలకు లేచింది అని. మా చేతులకేమన్న గడియారాలున్నయా? ఆరాధన అయిపోవచ్చే యాళ్లకు పడిపోయిండు. పడిపోంగనే ఎత్తుకొచ్చినం. పన్నెండని రాసుకోండి, ఒడిసిపోతది.

రాయరా?

అవ్, ఇన్న. ఆ గుండె గీతల కాయితం చూస్తే పన్నెండింటికి లేచిన నొప్పి లెక్క లేదంటున్నరు. అంతకు ముందు నుంచే గుండె బాధపడ్డదంటున్నరు. పెద్ద డాక్టరు అయిదింటికి వస్తడు, ఆయనొచ్చేసరికి సరైన టైము రాసి పెట్టాల్నంటున్నరు. అదీ సరే. బతుకుతడా అని నేనడిగితే మాత్రం ఇప్పుడే ఏం చెప్పలేమంటరు. నేనైతే అన్నీ ఇప్పుడే చెప్పాలె.

కోపం తెచ్చుకోకండమ్మా. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగలే, నోరు ఎట్ల పడితే అట్ల పోతంది. జర ఈ బల్ల మీద కూసోండి. మీరు నిలబడి అడుగుతుంటే పోలీసోళ్ళు అడిగినట్టుంది నాకు. మా పెద్దబిడ్డ ఈడు ఉంటది మీకు. చెప్త. కాకపోతే ఒక్క ముక్కల చెప్పేది కాదు.

లోపల పండుకున్నాయన పేరు యోనా. నేను రిబ్కను, ఆయన పెండ్లాన్ని. మాది సత్తుపల్లి దాటినంక అడివి మొదలయ్యేకాడ ఊరు. ఆయన మా సంఘానికి ఉపదేశి. అయ్యగారు కాదు, ఉపదేశి. అయ్యగారు సత్తుపల్లిల ఉంటడు, నెలకోసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి పోతడు. మిగిలిన ఆదివారాలన్నీ ఈయన మీదనే. పెండ్లికీ చావుకూ ఈయనే, పిల్లగాండ్లకు పేర్లు పెట్టుటానికీ ఈయనే.

ఈయనకు పద్దెనిమిదేండ్లప్పుడు మా ఊరికి తెల్లదొర వచ్చిండు. మిషన్ దొర. బంగళా కట్టిండు, గుడి కట్టిండు, అడివిల గూడేలు తిరిగిండు. ఆయన డేరా మోసింది, పుస్తకాల పెట్టె మోసింది, వాగు దాటేటప్పుడు ఆయన బూట్లు మోసింది మా యోనా. తొమ్మిదేండ్లు. అరవై తొమ్మిదిల దొర ఓడెక్కి పోయిండు. పోయేటప్పుడు ఈయన తలకాయ మీద చెయ్యి పెట్టి, ఇక నా పని నువ్వు చెయ్యాలె అన్నడు.

అంతే అన్నడమ్మా. నా పని చెయ్యమన్నడు. నా లెక్క చెయ్యమని అనలే. ఈయన రెండూ ఒకటే అనుకున్నడు.

ఆ మరుసటి ఆదివారం గుళ్ళ నిలబడి నోరు తెరిచిండు సూడండి, ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. గొంతు ఈయనది, మాట దొరది. దొర తెలుగు మీరు ఇనలే గదా. వాగుల ఒక రాయి మీద కాలు పెట్టి, అది కదులుతదో లేదో చూసుకోని ఇంకో రాయి మీద పెట్టినట్టు మాట్లాడేటోడు. పాపం, ఆయనకు రాక గట్ల మాట్లాడిండు. ఈయనకేమొచ్చింది? ఈ ఊళ్ళె పుట్టి, ఈ మాటల పెరిగినోడు. "నా... ప్రియమయిన... సహో...దరులారా" అని ఒక్కొక్క మాట ఒత్తుడు. రెండు చేతులు ఎనక్కి కట్టుకునుడు. మాట మధ్యల మణికట్టు ఎత్తి చూసుకునుడు. దొరకు గడియారముండె, చూసుకున్నడు. ఈయన ఉత్త చెయ్యి చూసుకునేటోడు.

నవ్వొస్తందా? నవ్వండి. అందరూ నవ్విండ్రు.

ఇంట్ల కూడ గదే మాట. మేకను కట్టెయ్యమని చెప్పాలంటే దొర గొంతు, పిల్లలు కొట్టుకుంటే ఆపాలంటే దొర గొంతు. మా చిన్నది బడి నుంచి ఏడ్చుకుంట వచ్చింది ఒకసారి. మీ నాయినను చేసి చూపియ్యవే అని తోటి పిల్లలు అడిగిండ్రంట. చేసి చూపిచ్చిందంట, అందరూ నవ్వేసరికి అప్పుడు ఏడుపొచ్చిందంట. నేనేం చెయ్యాలె? ముక్కు తుడిచి అన్నం పెట్టిన.

పేర్లకు మాత్రం తక్కువ లేదు ఆయనకు. మా పేటల ముసలోళ్ళు చిన్నదొర అన్నరు. అది ప్రేమతోటే అన్నరు లెండి. విశ్రాంతమ్మ అని మా గుళ్ళ పాట ఎత్తే మనిషి, ఆమెకు ఇప్పటికీ ఈయన చిన్నదొరనే. చదువుకున్న పోరగాండ్లు నకలు దొర అన్నరు. మా ఆడబిడ్డ, ఈయన తోడబుట్టిన చెల్లె, వేషగాడు అన్నది. సత్తుపల్లి అయ్యగారు పెద్దమనిషి, తిట్టడు. అనుకరణ మంచిది కాదు యోనా అని నెమ్మదిగ అంటడు. గూడెపోళ్ళు వాళ్ళ భాషల ఏదో పేరు పెట్టుకున్నరు. ఆ మాట నాకు రాదు, అనేటప్పుడు వాళ్ళ మొకంల నవ్వు మాత్రం తెలుసు.

ఒక్క మనిషికి ఇన్ని పేర్లు ఎందుకమ్మా? ఇంకొకళ్ళ లెక్క ఉండాలనుకునుడు అంత పెద్ద తప్పా? మీ ఇంగ్లీషుల ఏమంటరు గసొంటోళ్ళను? పోనీయండి. అది కూడ తిట్టే అయ్యుంటది.

నల్లదొర అనే పేరు మాత్రం బసవపున్నయ్యగారు పెట్టిండు. అది ఎట్ల పెట్టిండో చెప్తే గానీ మీకు ఈయన సంగతి తెల్వదు.

బసవపున్నయ్యగారంటే మా ఊళ్ళె పెద్ద రైతు. వాళ్ళ నాయిన కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడివి కొట్టి పొలం చేసిండు. మా మామ వాళ్ళింట్ల జీతం ఉండె. ఈయన కూడ చిన్నప్పుడు వాళ్ళ గొడ్లు కాసిండు. వాళ్ళ వాకిట్ల ఈయన సొంత గొంతు ఎట్లుండెనో నేను ఇన్న. ఆ అయ్యా, సరే అయ్యా, గంతే. అది కూడ తలకాయ దించి నేలకు చెప్పేటోడు.

డెబ్బై ఎనిమిదిల మా పేటల ఒక ముసలామె చచ్చిపోయింది. వానలు. బొందలగడ్డకు పోయే తొవ్వ వాగు కోసేసింది. ఇక పోవాలంటే బసవపున్నయ్యగారి మడి గట్టు మీద నుంచే పోవాలె. కొత్తగ నాట్లేసిండ్రు, శవం పోవద్దని ఆయన గట్టు మీద పాలేరును నిలబెట్టిండు. పాడె కిందికి దించి అందరం వానల నిలబడ్డం. ఈయన ఒక్కడే ఆ ఇంటి దిక్కు నడిచిండు. కొడతరేమో అని భయమై నేను ఎనక పోయిన.

బసవపున్నయ్యగారు వసారల మంచం మీద కూసోని ఉన్నడు. మా ఆయన మెట్ల కింద నిలబడి చేతులు ఎనక్కి కట్టుకున్నడు. మణికట్టు ఎత్తి చూసుకున్నడు. చూసుకోని దొర గొంతు తీసిండు.

"బసవ...పున్నయ్య గారూ. ఒక తల్లి... వానలో... తడుచుచున్నది."

ఆయన లేచి నిలబడ్డడమ్మా. నిజంగ. మంచం మీద నుంచి లేచి, కండువా సర్దుకోని, సరే సరే పొమ్మనండి అన్నడు. పొమ్మనండి అన్నడు మమ్మల్ని. దొర వచ్చినప్పుడల్ల లేచి లేచి ఆ గొంతుకు ఆయనకు అలవాటైంది. లేచినంక చూసుకున్నడు ఎవరికి లేచిండో. మొకం మాడిపోయింది. గానీ మాటిచ్చిండు గదా, పాడె పోయింది. మర్నాడు చాయ్ హోటల్ల కూసోని, ఆ నల్లదొర ఉన్నడే అని మొదలుపెట్టిండు. ఇక ఊరంత అదే పేరు.

గిప్పుడు మీరు చెప్పండి. సొంత గొంతుతోటి పోతే ఆ పాడె కదిలేదా?

బసవపున్నయ్యగారు మాత్రం తక్కువా? బెజవాడ పోయొచ్చినప్పుడల్ల అక్కడి పెద్దోళ్ళను చూసి ఏదో ఒకటి తెచ్చేటోడు. ఒకసారి పొడుగు సిగరెట్టు, ఒకసారి నల్లద్దాలు. ఆయనకెవరూ పేరు పెట్టలే. మీరేమనుకోకండి, మీ మెళ్ళె ఆ గొట్టం గట్ల ఒక పక్కకేసుకునుడు ఎవరిని చూసి నేర్చుకున్నరు? మీకు చదువు చెప్పిన ఏ పెద్ద డాక్టరమ్మనో గట్లనే వేసుకునేది అయ్యుంటది. మిమ్మల్ని నకలు డాక్టరు అనరు. నేర్చుకున్నది అంటరు. మావోడు చేస్తే వేషమైంది.

ఏందేందో అంటున్న. ఊకుంటే ఏడుపొస్తదని మాట్లాడుతున్న, అంతే.

అవ్, టైము. మర్సిపోలే. అక్కడికే వస్తున్న.

దొరకు ప్రసంగం చేసేటప్పుడు ఒక అలవాటు ఉండె. మాట మధ్యల ఆగిపోయేటోడు. కుడిచెయ్యి ఛాతీ మీద పెట్టుకోని, ఎడమచేత్తో పుస్తకం పెట్టే బల్లను పట్టుకోని, కండ్లు మూసి నిలబడేటోడు. రెండు నిమిషాలు, ఒక్కోసారి మూడు. మొకమంత చెమట పట్టేది. గుళ్ళ చంటిపిల్లలు కూడ కిక్కురుమనేటోళ్ళు కాదు. ఆత్మ దిగుతంది అనేటోళ్ళు మావోళ్ళు. దేవుడు ఆయన చెవుల చెప్తుండు, అది ఇని మనకు చెప్తడు అనేటోళ్ళు. కండ్లు తెరిచినంక దొర గొంతు సన్నగ, పీలగ వచ్చేది. ముసలమ్మలు కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చేటోళ్ళు.

మా ఆయన అన్నీ నేర్చుకున్నడు గదా, అదీ నేర్చుకున్నడు.

అదొక్కటి చేస్తే మాత్రం ఎవరూ నవ్వలేదమ్మా. మాటకు నవ్విండ్రు, చేతులు కట్టుకుంటే నవ్విండ్రు, ఉత్త మణికట్టుకు పడీపడీ నవ్విండ్రు. ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆగంగనే నకలు దొర అన్న పోరగాండ్లు కూడ తలకాయలు దించిండ్రు. మొదటిసారి గట్ల చేసిన రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూసున్నడు. ముట్టలే. ఆ రోజు దొర మాట పక్కకు పెట్టి, మా మాటల అడిగిండు.

"రిబ్కా, దొర గట్ల ఆగినప్పుడు ఏం ఇనేటోడే? నేనెంతసేపు ఆగినా నాకేం ఇనపడలే."

ఇంకొంచెం సేపు ఆగి చూడు, ఇనపడతదేమో అన్న నేను.

అప్పటి నుంచి ఈయన ఆగుడు పెరిగింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. విశ్రాంతమ్మ ఊరికె కూసోలేక మెల్లగ పాట ఎత్తేది, అందరం అందుకునేది. పాట అయ్యేదాక ఈయన గట్లనే నిలబడేటోడు. పందొమ్మిదేండ్లు ఇదే మా ఆరాధన. ఇనపడ్డదా అని నేను మళ్ళా అడగలే. ఇనపడలే అని ఆయన మళ్ళా చెప్పలే.

ఇయ్యాల కూడ గట్లనే అయింది. పాటలైనయ్, వాక్యం చదివిండు, మాట్లాడుడు మొదలుపెట్టిండు. మధ్యల ఆగిండు. ఛాతీ మీద చెయ్యి పెట్టిండు. కండ్లు మూసిండు. ఎప్పటి లెక్కనే తలకాయలు దించినం.

ఈయనకు చెమటలు పట్టినయ్. ఇన్నేండ్లల్ల ఎన్నడు పట్టలే. ముందు కూసున్న పిల్లలు చూసి, ఇయ్యాల చెమట కూడ తెచ్చిండే అని గుసగుసలాడిండ్రు. నేను వాళ్ళను కసిరిన. విశ్రాంతమ్మ పాట ఎత్తింది. కొంచెం సేపటికి ఈయన మోకాళ్ళు వంగినయ్. మెట్టు మీద కూలబడి బల్లకు తలకాయ ఆనించిండు. మోకరించిండు అనుకున్నం. మేం కూడ మోకరించినం. ఆ పాట అయిపోయింది, ఈయన లేవలే, విశ్రాంతమ్మ ఇంకో పాట ఎత్తింది. అది ఏడు చరణాలమ్మా. ఏడూ పాడినం.

ఎవరు చూసిండ్రో తెలుసా? హేమ్లా అని అడివి లోపలి గూడెం కోయాయన. పోడు భూమి పట్టాకు మా ఆయనతోటి అర్జీ రాయించుకుందామని వచ్చి కిటికీ కాడ నిలబడ్డడు. గుళ్ళెకు ఎన్నడు రాలే ఆయన. దొర పోయేటప్పటికి పసోడు, దొరను చూడలే, దొర ఎట్ల ఆగేటోడో తెల్వదు. ఆయనకు మా ఆయన ఒక్కడే కనపడ్డడు.

"ఆ మనిషికి పానం పోతంది. మీరేంది, పాడుతుండ్రు?" అన్నడు.

అందరిని తోసుకుంట వచ్చి ఈయన తలకాయ ఒళ్ళె పెట్టుకున్నడు. అప్పుడు గానీ మాకు తెలివి రాలే. బసవపున్నయ్యగారు జల్దీనే ట్రాక్టరు పంపిండు, ఆ మాట చెప్పుకోవాలె. సత్తుపల్లిల కిరాయి జీపు దొరికింది. మీకాడికి వచ్చేసరికి రెండు దాటింది. తొవ్వల ట్రాక్టరు గుంతలల్ల ఎగురుతుంటే ఒక్కసారి కండ్లు తెరిచిండు. రిబ్కా, నొస్తందే అన్నడు. మా పేట మాట. ఆ గొంతు ఇని నాకు ఎంత కాలమైందో. దానికి సంతోషపడాల్నా, ఏడ్వాల్నా?

రాస్తున్నరా? ఆగండమ్మా. ఇంకా ఒడవలే.

మిగిలినోళ్ళకేం తెల్వదు, వాళ్ళను అనేదేం లేదు. నాకు తెలుసు.

పెండ్లైన కొత్తల నేను దొర బంగళాల బట్టలుతికేదాన్ని. ఒకరోజు దొర చొక్కా జేబుల చిన్న సీసా దొరికింది. లోపల సన్న సన్న తెల్ల గోలీలు. దొరసానికి తీసుకపోయి ఇచ్చిన. ఆమె మొకం పాలిపోయింది. తలుపు దగ్గరికేసి చెప్పింది. దొర గుండె మంచిగ లేదంట. నొప్పి లేచినప్పుడు ఆ గోలీ నాలుక కింద పెట్టుకుంటడంట. గుళ్ళ లేస్తే అందరి ముందు పెట్టుకోలేక, తగ్గేదాక గట్ల పట్టుకోని నిలబడతడంట. మిషనోళ్ళకు తెలిస్తే ఎనక్కి పిలిపిస్తరు, ఎవరికీ చెప్పకు అని నా చెయ్యి పట్టుకున్నది. చెప్పనన్న.

దొరతోటి ఆమె కూడ ఓడెక్కి పోయినంక ఇక ఎవరికి దాచాలమ్మా? మా ఆయన అన్నం ముందు కూసోని అడిగిండు గదా, ఆ రోజు చెప్పాల్సింది. అది ఆత్మ కాదయ్యా, నొప్పి, దొర ఏం ఇనలే, నువ్వెంత ఆగినా నీకేం ఇనపడదు అని. నోటిదాక వచ్చింది. మింగిన. ఎందుకంటే ఆ పొద్దున గుళ్ళ అందరూ తలకాయలు దించుకుంటే నేనొక్కదాన్ని కొంచెం ఎత్తి చూసిన. నా మొగుడు నిలబడి ఉన్నడు, అందరూ వంగి ఉన్నరు. ఎవరూ నవ్వుతలేరు. అది పోగొట్టుకోబుద్ధి కాలే నాకు. ఇంకొంచెం సేపు ఆగమని నేనే చెప్పిన.

ఇప్పుడేం చేస్తనమ్మా? మీ కాళ్ళు పట్టుకుంటె ఆ రోజు ఎనక్కొస్తదా?

రాసుకోండి. పన్నెండు కాదు. గుళ్ళ దొర పెట్టిన గోడ గడియారం ఉన్నది, ఇప్పటికీ నడుస్తది. ఈయన ఛాతీ మీద చెయ్యి పెట్టంగనే నేను దాని దిక్కు చూసిన, ఇయ్యాల ఎంతసేపు ఆగుతడో చూద్దామని. పది ముప్పై అయిదు. హేమ్లా అరిచేసరికి పదకొండు దాటి పది నిమిషాలు. మొగుడు పానం మీదికొచ్చి కొట్టుకుంటుంటే అంతసేపు పాట పాడుకుంట కూసున్ననని ఎవరికి చెప్పాలె? అందుకే పన్నెండన్న.

చెమట చూసిన. పెదవులు నల్లబడుడు చూసిన. దొరకు గట్లనే అయ్యేది, అదేందో ఆ గుళ్ళ నాకొక్కదానికే ఎరుక. చూసి ఏమనుకున్ననో తెలుసా డాక్టరమ్మా? ఇయ్యాల బాగ చేసిండు అనుకున్న. ఇన్నేండ్లల్ల గింత బాగ ఎన్నడు చెయ్యలే అనుకున్న.